డబ్బాకు కళాయి, కళాయికి పూత, పూతలోంచి బీపీఏ

ఇత్తడి గిన్నెలో పులుసు కాచాలంటే ముందు కళాయి వేయించాలి. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పడితే లోహం కరిగి కిలుం ఎక్కుతుందని మన వంటిళ్లు ఎప్పుడో కనిపెట్టాయి. ఆ కళాయి తగరమే. దుకాణంలో కనిపించే ఆహారపు డబ్బాదీ ఇదే సూత్రం: పలచటి ఉక్కు రేకు, దానికి రెండువైపులా తగరం. అందుకే దాన్ని టిన్ను అంటున్నాం, బరువులో తగరం వంతు నామమాత్రమే అయినా.

అయితే గిన్నెలో పులుసు గంటసేపు ఉంటుంది. డబ్బాలో టమాటా రెండేళ్లు ఉండాలి. అంతకాలం చాలా పదార్థాలను తగరం ఒక్కటే కాచుకోలేదు. అందుకని కళాయి మీద మరో పూత పూస్తారు. దాని మందం కొన్ని మైక్రాన్లు, అంటే తలవెంట్రుకలో ఇంచుమించు పదో వంతు. డబ్బా ఆహారంతో ఒంట్లోకి చేరే బీపీఏ అనే రసాయనం గొడవంతా ఈ పూత చుట్టూనే నడుస్తోంది.

ముందుగా ఆ పూతకు దక్కాల్సిన మర్యాద దానికిద్దాం. పులుపు ఉన్న పదార్థం లోహాన్ని తింటుంది. తినేటప్పుడు హైడ్రోజన్ వాయువు పుట్టి డబ్బా ఉబ్బుతుంది, చివరికి సూదిమొన అంత బెజ్జం పడుతుంది. బెజ్జం పడితే క్రిములు లోపలికి వస్తాయి. పులుపు లేని పదార్థాలతో ఇంకో ఇబ్బంది. బఠాణీ, మొక్కజొన్న, చేప, మాంసం ఉడికినప్పుడు వాటి మాంసకృత్తుల్లోని గంధకం బయటికొచ్చి తగరంతో, ఇనుముతో కలిసి నల్లటి మరకలు కడుతుంది. దీన్ని తప్పించడానికి పూతలో జింక్ ఆక్సైడ్ కలుపుతారు. గంధకం వెళ్లి జింకుతో కలిస్తే తెల్లటి పదార్థం అవుతుంది, కంటికి కనబడదు. ఇంత ఆలోచన ఉంది ఆ నాలుగు మైక్రాన్లలో.

లోహానికి గట్టిగా పట్టుకోవాలి, రేకును వంచినా చిట్లకూడదు, పులుపుకు లొంగకూడదు, ఆవిరికి ఊడకూడదు, తిండికి రుచి అంటించకూడదు. ఈ షరతులన్నిటికీ ఒకేసారి సరిపోయింది ఎపాక్సీ. బిస్ఫినాల్ ఏ, అంటే బీపీఏ, ఎపిక్లోరోహైడ్రిన్ అనే ఇంకో రసాయనంతో కలిస్తే ఎపాక్సీ రెసిన్ వస్తుంది. దానికి ఫినాలిక్ రెసిన్ జోడించి, రేకు మీద పూసి, దాదాపు 200 డిగ్రీల ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడుతుంది. డబ్బా లోపల బంగారు రంగులో మెరిసేది చాలామటుకు ఇదే. తెల్లగా ఉంటే రంగుపొడి కలిపారన్నమాట. రంగును చూసి బీపీఏ ఉందో లేదో చెప్పగలమనేవాళ్ల మాట మాత్రం నమ్మొద్దు. బంగారు రంగులో బీపీఏ లేని పూతలూ ఉన్నాయి, తెల్లటి ఎపాక్సీలూ ఉన్నాయి.

ఓవెన్‌లో ఎంత కాల్చినా రసాయన చర్య నూటికి నూరు పాళ్లు పూర్తికాదు. రెసిన్ గొలుసులో చేరని బీపీఏ అణువులు కొన్ని పూతలోనే విడిగా మిగిలిపోతాయి. తిండిలోకి దిగేవి ప్రధానంగా అవే.

దిగితే ఏమవుతుందన్న అనుమానం కొత్తదేమీ కాదు. బీపీఏని 1891లో రష్యన్ రసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్ డయానిన్ తయారుచేశాడు. 1930ల్లో లండన్‌లో ఎడ్వర్డ్ చార్లెస్ డాడ్స్ ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌కు కృత్రిమ రూపం కోసం వెతుకుతూ దీన్నీ పరీక్షించాడు. ఈస్ట్రోజెన్‌లాగే పనిచేసింది, కానీ బలహీనంగా. 1938లో అంతకంటే ఎన్నో రెట్లు బలమైన డీఈఎస్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్ దొరకడంతో బీపీఏని మందుగా వాడే ఆలోచన పక్కకు పోయింది. తర్వాత ప్లాస్టిక్ పరిశ్రమ దాన్ని చేరదీసింది. అంటే ఇది హార్మోన్‌లా ప్రవర్తిస్తుందని డబ్బాల్లోకి రాకముందే తెలుసు. అప్పట్లో ఎవరికీ అది అడ్డుగా తోచలేదు.

దిగేది అరలో కాదు, రిటార్టులో

డబ్బాలో తిండి నింపి, మూత బిగించి, ఆ తర్వాత ఉడికిస్తారు. ఆ ఉడికించే యంత్రం పేరు రిటార్టు. ఒక పెద్ద ప్రెషర్ కుక్కర్ అనుకోండి. పులుపు తక్కువున్న పదార్థాల్లో క్లాస్ట్రీడియం బోట్యులినం అనే క్రిమి బీజాలు చావాలంటే మామూలు మరుగు చాలదు. డబ్బా నట్టనడుమ 121 డిగ్రీల వేడి కనీసం మూడు నిమిషాలు తగిలినంత ప్రభావం ఉండాలి. నడుమకు వేడి చేరాలంటే అంచులు చాలాసేపు ఉడకాలి. అంచు అంటే పూత ఉన్న చోటే.

బ్రిటన్‌లో గుడ్సన్ బృందం 2004లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయాన్ని తేల్చింది. పూతలో విడిగా ఉన్న బీపీఏలో 80 నుంచి 100 శాతం ఈ ఉడికించే దశలోనే తిండిలోకి వెళ్లిపోయింది. తర్వాత తొమ్మిది నెలలు నిల్వ ఉంచినా, డబ్బాకు సొట్ట పెట్టినా పెద్దగా పెరగలేదు.

చాలామంది పాటించే జాగ్రత్తలు ఇక్కడే గురి తప్పుతాయి. కొత్త తేదీ డబ్బా వెతికి కొన్నా, చల్లటి అరలో దాచినా బీపీఏ విషయంలో ఒరిగేది దాదాపు ఏమీ లేదు. అది ఫ్యాక్టరీలోనే దిగిపోయింది. సొట్టపడ్డ డబ్బా వద్దనడం సరైన సలహానే, కాకపోతే కారణం వేరు. అతుకు దగ్గర సొట్ట పడితే గాలి చొరబడవచ్చు. ఉబ్బిన డబ్బానైతే రుచి కూడా చూడకుండా పారేయాలి. బోట్యులిజం ముందు బీపీఏ చాలా చిన్న భయం.

కూల్‌డ్రింకు, బీరు క్యాన్లకు ఇంత వేడి అక్కర్లేదు. బీరును 60 డిగ్రీల దగ్గర పాశ్చరైజ్ చేస్తే చాలు. అందుకే అల్యూమినియం క్యాన్ లోపలా ఎపాక్సీ తరహా పూతే ఉన్నా, పానీయంలోకి దిగేది తక్కువ. పులుపున్న పండ్లదీ ఇదే దారి. పులుపును కొలిచే పీహెచ్ (తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కంటే తక్కువ ఉంటే బోట్యులినం పెరగలేదు కాబట్టి మరుగు నీటి వేడి సరిపోతుంది. మామిడి గుజ్జు పీహెచ్ సుమారు 4. చిత్తూరు వైపు తోతాపురి గుజ్జును 850 గ్రాముల డబ్బాల్లో, 3.1 కిలోల పెద్ద డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలు వాటిని 121 డిగ్రీలకు తీసుకెళ్లనక్కర్లేదు.

నీళ్లు పారబోస్తే పోతుందా?

పోదు. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు 2011లో అక్కడి మార్కెట్లోని 78 డబ్బా పదార్థాలను పరీక్షిస్తే 71లో బీపీఏ కనిపించింది. గ్రాముకు 2.6 నానోగ్రాముల నుంచి 730 నానోగ్రాముల దాకా (నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు). ఒకే రకం పదార్థంలో కంపెనీకీ కంపెనీకీ పొంతన లేదు, ఒకే కంపెనీలో బ్యాచికీ బ్యాచికీ పొంతన లేదు. స్పష్టంగా కనబడిన తేడా ఒక్కటే: పండ్లలో, ట్యూనా చేపలో తక్కువ. ఇంకో సంగతి కూడా ఆ పరీక్షలో బయటపడింది. బీపీఏ ఊటనీటిలో కంటే గట్టి పదార్థంలోనే ఎక్కువగా పేరుకుంటుంది. నీళ్లకంటే నూనెలో, కొవ్వులో సులువుగా కలిసే గుణం దానిది. శనగల డబ్బా తెరిచి, జల్లెడలో పోసి, రెండుసార్లు కడిగితే ఉప్పు తగ్గుతుంది. అది మంచిదే. బీపీఏ మాత్రం గింజలోనే ఉంటుంది.

మనుషుల మీద జరిగిన పరీక్షల్లో ఎక్కువగా చెప్పుకునేది హార్వర్డ్ వాళ్లది, 2011 నాటిది. 75 మంది ఐదు రోజులపాటు రోజుకు ఒక పూట 12 ఔన్సుల కూరగాయల సూప్ తాగారు, ఒక వారం డబ్బా సూప్, ఒక వారం తాజాది. తాజా సూప్ తాగినప్పుడు లీటరు మూత్రంలో 1.1 మైక్రోగ్రాములున్న బీపీఏ, డబ్బా సూప్ తాగినప్పుడు 20.8కి చేరింది. ‘వెయ్యి శాతానికి పైగా పెరుగుదల’ అని పత్రికలు రాశాయి. లెక్క తప్పు కాదు. కానీ అది చెప్పేది ఎంత దిగిందన్న సంగతే, ఎంత హాని జరిగిందని కాదు.

రెండో వైపు నుంచి చేసిన పరీక్ష నాకు ఇంకా పనికొచ్చేదిగా కనిపిస్తుంది. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఐదు కుటుంబాల 20 మందికి మూడు రోజులు డబ్బా, ప్లాస్టిక్ తగలని తాజా భోజనం పెట్టారు. మూత్రంలో బీపీఏ సగటున 66 శాతం పడిపోయింది. మళ్లీ పాత భోజనానికి వెళ్లగానే మళ్లీ పెరిగింది. బీపీఏ ఒంట్లో నిల్వ ఉండేది కాదు. కాలేయం దాన్ని పనిచేయని రూపానికి మార్చేస్తుంది, సుమారు ఆరు గంటలకోసారి సగం తగ్గుతూ ఒక రోజులో దాదాపు అంతా మూత్రంలో పోతుంది. అయినా అమెరికాలో 2003–04లో ఆరేళ్లు దాటిన 2,517 మంది మూత్రం పరీక్షిస్తే 93 శాతం మందిలో ఇది కనబడింది. పోయేలోపే మళ్లీ వస్తోంది కాబట్టి.

తరుచుదనమే అసలు లెక్క అన్నది అదే దేశంలో 7,669 మంది వివరాలతో 2016లో వచ్చిన విశ్లేషణలోనూ తేలింది. ముందురోజు ఒక డబ్బా పదార్థం తిన్నవాళ్లలో బీపీఏ 24 శాతం ఎక్కువ, రెండు లేక అంతకు మించి తిన్నవాళ్లలో 54 శాతం ఎక్కువ. సూప్ ఒక్కటే విడిగా చూస్తే 229 శాతం. డబ్బా పానీయాలకు అలాంటి సంబంధం కనబడలేదు. రిటార్టు సంగతి తెలిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు.

ఒకే గుప్పెడు శనగలు, ఐదు తీర్పులు

ఎంత వరకు ఫర్వాలేదన్నది అసలు చిక్కుముడి. ఒక లెక్క వేద్దాం. గ్రాముకు 30 నానోగ్రాముల బీపీఏ ఉన్న డబ్బా శనగలు 100 గ్రాములు తిన్నారనుకోండి. లోపలికి వెళ్లింది 3,000 నానోగ్రాములు. మనిషి బరువు 60 కిలోలైతే, కిలోకు 50.

యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2006లో రోజుకు కిలో ఒంటి బరువుకు 50,000 నానోగ్రాముల దాకా ఫర్వాలేదంది. ఆ లెక్కన మన శనగలు పరిమితిలో వెయ్యో వంతు. 2015లో అదే సంస్థ పరిమితిని తాత్కాలికంగా 4,000కి దించింది. అప్పటికీ మనది ఎనభయ్యో వంతే. 2023 ఏప్రిల్‌లో 0.2 నానోగ్రాములకు దించింది, అంటే ఒక్క దెబ్బకు 20,000 రెట్లు. ఇప్పుడు అవే శనగలు పరిమితికి 250 రెట్లు. జర్మనీ ప్రభుత్వ సంస్థ బీఎఫ్‌ఆర్ ఈ పద్ధతిని ఒప్పుకోక సొంతంగా 200 నానోగ్రాములని లెక్కకట్టింది. దాని ప్రకారం పావు వంతు. ఇక ఎఫ్‌డీఏ, ఇప్పుడు ఆహారంలో ఉన్న స్థాయిలో బీపీఏ సురక్షితమేనన్న మాట మీదే ఉంటూ వచ్చింది.

శనగలు మారలేదు. మారింది ఏ ప్రభావాన్ని హానిగా లెక్కిస్తారన్నది. 2023 నిర్ణయానికి ఆధారం, బీపీఏ తగిలిన ఎలుక పిల్లల్లో టీహెచ్-17 అనే రోగనిరోధక కణాలు పెరగడం. ఆ కణాలు పెరిగితే మనిషికి జబ్బు వస్తుందా అంటే, రావచ్చు, ఉబ్బసం లాంటి వాటిలో వాటికి పాత్ర ఉంది అని ఒక పక్షం. జబ్బు కానిదాన్ని జబ్బుకు ముందడుగుగా లెక్కించి, దానిమీద ఇన్ని భద్రతా గుణకాలు పేర్చడం అతి అని ఇంకో పక్షం. యూరప్‌లోని మందుల నియంత్రణ సంస్థ కూడా ఈ విషయంలో ఆహార సంస్థతో విభేదించింది. పెద్దవాళ్ల కాలేయం బీపీఏని వేగంగా అణిచేస్తుందన్న వాదన బలమైనదే, కానీ కడుపులోని బిడ్డకు, పసిపిల్లలకు ఆ శక్తి అంత లేదు. అందుకే తగాదా ఎలా ఉన్నా, గర్భిణుల విషయంలో, పసివాళ్ల విషయంలో జాగ్రత్త వైపే మొగ్గడం నాకు సబబుగా అనిపిస్తుంది. పాలసీసాల విషయంలో ప్రభుత్వాలూ అదే చేశాయి: కెనడా, ఆ తర్వాత 2011లో యూరప్, 2012లో అమెరికా బీపీఏ ఉన్న పాలసీసాలను ఆపేశాయి.

ఫ్రాన్స్ 2015 జనవరి 1 నుంచి ఆహారం తగిలే అన్ని వస్తువుల్లోనూ నిషేధించింది. యూరోపియన్ యూనియన్ మొత్తానికి వర్తించే నియమం 2025 జనవరి 20న అమల్లోకి వచ్చింది. సాధారణ గడువు 2026 జులై 20. పండ్లు, కూరగాయలు, చేపల డబ్బాల్లో చాలావాటికి మాత్రం 2028 జనవరి 20 దాకా వెసులుబాటు ఇచ్చారు, ఎందుకంటే ప్రత్యామ్నాయం దొరకడం కష్టంగా ఉన్నది అక్కడే. ఈ నియమం దిగుమతులకూ వర్తిస్తుంది. కాబట్టి యూరప్‌కు గుజ్జు పంపే చిత్తూరు ఎగుమతిదారు డబ్బాలు అమ్మేవాళ్లను ఇప్పుడే పూత గురించి రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవాలి.

మన దేశంలో 2018 నాటి ప్యాకేజింగ్ నియమాలు ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి దిగే మొత్తం పదార్థం కిలోకు 60 మిల్లీగ్రాములు దాటకూడదంటాయి. మొత్తం దిగుడును కొలిచే ఈ పద్ధతి బీపీఏ లాంటివాటికి మరీ పెద్ద కన్నాల జల్లెడ. అమెరికా పరీక్షలో దొరికిన అత్యధిక మోతాదు, గ్రాముకు 730 నానోగ్రాములు, ఈ పరిమితిలో ఎనభయ్యో వంతుకు మించదు. బజ్జీలను వార్తాపత్రికలో చుట్టివ్వకూడదన్న నిషేధం ఉన్నదీ ఈ నియమాల్లోనే. అది ఎంత అమలవుతోందో సాయంత్రం ఏ బండి దగ్గర నిలబడినా తెలుస్తుంది.

‘బీపీఏ లేదు’ అన్న ముద్రను ఎలా చదవాలి? ఉద్దేశపూర్వకంగా బీపీఏ కలపలేదని అర్థం, ఇంకేమీ దిగదని కాదు. దాని స్థానంలో అక్రిలిక్, పాలియెస్టర్, వినైల్ పూతలు వచ్చాయి. చెట్ల జిగురు, నూనెలతో చేసే ఓలియోరెజిన్ పాత పద్ధతి. ఈడెన్ ఫుడ్స్ అనే అమెరికన్ కంపెనీ 1999 నుంచే బీన్స్ డబ్బాలకు దాన్ని వాడింది, టమాటా పులుపుకు మాత్రం అది ఆగలేదు. కొన్నిచోట్ల బీపీఏకి అన్నదమ్ముల్లాంటి బీపీఎస్, బీపీఎఫ్ దూరాయి, ముఖ్యంగా బిల్లులు ముద్రించే థర్మల్ కాగితంలో. దొంగను గెంటి వాడి తమ్ముణ్ణి కాపలా పెట్టినట్టు. కొత్త యూరప్ నియమం హానికరంగా వర్గీకరించిన ఇతర బిస్ఫినాళ్లను కూడా కలిపే పట్టింది.

వంటింట్లో మార్చదగ్గవి

ఊళ్లో ఉండే తెలుగు ఇంటికి డబ్బా తిండి రోజువారీ సంగతి కాదు. అమెరికా, యూరప్‌లలో ఉండేవాళ్లకు కాబూలీ శనగలు, రాజ్మా, టమాటా, కొబ్బరిపాలు వారానికి నాలుగైదు డబ్బాలు సులువుగా తిరుగుతాయి. తగ్గించాలంటే మొదట గింజలతో మొదలుపెట్టాలి, ఖర్చు కూడా తగ్గుతుంది. 400 గ్రాముల డబ్బాలో నీళ్లు వార్చాక మిగిలేది దాదాపు 240 గ్రాముల శనగలు. 110 గ్రాముల ఎండు శనగలు రాత్రి నానబెట్టి కుక్కర్లో ఉడికిస్తే అంతే వస్తాయి. ఒకేసారి అరకిలో ఉడికించి, నాలుగైదు భాగాలు చేసి ఫ్రీజర్లో పెడితే డబ్బా ఇచ్చే సౌకర్యం ఇదీ ఇస్తుంది. రాజ్మా విషయంలో ఒక హెచ్చరిక: నానబెట్టిన నీళ్లు పారబోసి, కుక్కర్లో గానీ, బాగా తెర్లే నీళ్లలో కనీసం పది నిమిషాలు గానీ ఉడికించాలి, ఎఫ్‌డీఏ అయితే 30 నిమిషాలంటుంది. తక్కువ వేడి మీద నడిచే స్లో కుక్కర్లో పచ్చి రాజ్మా నేరుగా వేస్తే అందులోని లెక్టిన్ అనే విషపదార్థం విరగదు, వాంతులు పట్టుకుంటాయి.

టమాటాకు గాజుసీసా గానీ అట్టపెట్టె గానీ వెతకండి. అట్టపెట్టె లోపలి పొర పాలిథీన్, దాని తయారీకి బీపీఏ అక్కర్లేదు. కొబ్బరిపాలలో కొవ్వు ఎక్కువ కాబట్టి దానికీ ఇదే మాట, లేదా ఫ్రీజర్ అరలో దొరికే కొబ్బరి కోరు. పండ్లు, ట్యూనా చేప డబ్బాల గురించి అంత కంగారు అక్కర్లేదని పై ఎఫ్‌డీఏ పరీక్షే చెబుతోంది.

డబ్బాను ఇంట్లో వేడి చేయకండి. కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాను మూత తీయకుండా మూడు గంటలు నీళ్లలో ఉడికించి కారమెల్ చేసే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. అది రిటార్టు పనిని ఇంట్లో చేయడమే. నీళ్లు ఇగిరిపోతే డబ్బా పేలుతుంది కూడా. స్టీలు గిన్నెలోకి ఒంపి, మూతపెట్టి, కుక్కర్లో ఉడికించినా కారమెల్ వస్తుంది. తెరిచిన డబ్బాలో మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు గిన్నెలోకి తీయాలి. ఇది తగరం కోసం. లేత రంగు పండ్లకు కొన్ని డబ్బాలు పూత లేకుండా వట్టి తగరంతోనే వస్తాయి. గాలి తగిలాక తగరం వేగంగా కరుగుతుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ తగరానికి పెట్టిన పరిమితి కిలోకు 250 మిల్లీగ్రాములు, అది దాటితే కడుపునొప్పి, వికారం రావచ్చు.

మన ఊళ్లలో ‘క్యాన్’ అంటే 20 లీటర్ల నీళ్ల క్యానే. అడుగున 7 అంకె, పక్కన పీసీ అని ఉంటే పాలికార్బొనేట్, బీపీఏతో చేసినదే. చల్లటి నీళ్లకు దిగేది కొద్దిగానే. ఎండలో, వేడినీళ్లతో కడిగినప్పుడు, గీతలు పడి పాతబడినప్పుడు పెరుగుతుంది. మే నెలలో ఆటో ట్రాలీ మీద మధ్యాహ్నం దాకా నిలబడ్డ క్యాన్ కంటే నీడలో ఉంచిన క్యాన్ నయం.

డబ్బా మానేసి గాజుసీసాకు మారినవాళ్లు మూతను కూడా ఒకసారి చూడాలి. తిప్పి బిగించే లోహపు మూత లోపల మెత్తటి వలయం ఉంటుంది. అది చాలాసార్లు పీవీసీ. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్లు నూనెలో బాగా కరుగుతాయి. యూరప్ పరీక్షల్లో పరిమితులు దాటి దొరికినవి ఎక్కువగా నూనెలో ఊరిన పదార్థాల సీసాలే. ఆవకాయకు ఇది అచ్చంగా అతికే వర్ణన. సీసాను నిలువుగా ఉంచితే, పైన రెండు వేళ్ల ఖాళీ వదిలితే నూనె ఆ వలయాన్ని తాకదు. సూట్‌కేసులో అడ్డంగా పడుకుని వచ్చిన పచ్చడిని, వచ్చిన రోజే జాడీలోకి మార్చి వాసెన కట్టేయండి.